మెక్‌లీన్ మాస్టారి శ్రుతి

అమెరికన్ జాజ్ వాద్యకారుడు జాకీ మెక్‌లీన్ ఆల్టో శాక్సోఫోన్ కొత్తగా విన్నవాళ్లు ముందుగా అడిగేది ఒకటే, శ్రుతి పైకి పోతోంది కదా అని. నిజమే, పోతుంది. పియానో నిలిచిన చోటికి వెంట్రుకవాసి పైన నిలుస్తుంది ఆయన స్వరం. పచ్చి నిమ్మకాయ కోసినప్పుడు గుప్పుమనే ఘాటు లాంటిది ఆయన వాద్యంలో ఉందంటే అది అక్కడినుంచి వచ్చిందే. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఆయన శిష్యులం ఈ సంచికలో ఆయన బిరుదుల గురించి ఎంతైనా రాసుకోవచ్చు. నాకు మాత్రం ఆ వెంట్రుకవాసి గురించి రాయాలనుంది.

ఆల్టోలో శ్రుతి ఎందుకు ఎక్కుతుందో వాయించేవాళ్లకు తెలుసు. నోట్లో పెట్టుకుని ఊదే మౌత్‌పీస్‌ను, అది తొడిగే నెక్ కార్క్ (వాద్యం మెడకు చుట్టిన బెండు) మీద మరీ లోపలికి నెడితే గొట్టం పొడవు తగ్గుతుంది. తగ్గిన ఆ నాలుగైదు మిల్లీమీటర్లు కింది స్వరాల పొడవాటి గొట్టానికి లెక్కలోకి రావు, పై స్వరాల పొట్టి గొట్టానికి మాత్రం పెద్ద వాటాయే. అందుకే కింద అంతా సరిపోయినట్టే ఉండి, పామ్ కీల (అరచేతితో నొక్కే పై స్వరాల మీటల) దగ్గరికి వెళ్లేసరికి బయటపడుతుంది. రెండో కారణం దవడ. ఎత్తు స్వరం వస్తోందంటే చాలు, కొత్తవాళ్లు కింది దవడ బిగించి రీడ్‌ను (మౌత్‌పీస్‌కు బిగించిన, ఊదితే కంపించే పలుచని బద్దను) కొరుకుతారు. రీడ్‌కూ మౌత్‌పీస్‌కూ మధ్య సందు ఇరుకైపోతుంది, శబ్దం సన్నబడుతుంది, శ్రుతి ఎక్కుతుంది. పరీక్షించుకోవడం తేలిక: మౌత్‌పీస్ ఊడదీసి అదొక్కటే ఊదాలి. వెస్టర్న్ క్లాసికల్ వాళ్లకు ఆల్టో మౌత్‌పీస్ పియానో మీది ఎ (A) స్వరం దగ్గర పలుకుతుంది, జాజ్ వాళ్లకు సాధారణంగా అంతకంటే కిందే. ఎ దాటి పైకి పోయిందంటే కొరుకుతున్నట్టే.

మాస్టారిది ఈ రెండు జబ్బుల్లో ఏదీ కాదని నా నమ్మకం. కొరికితే శబ్దం పీలగా రావాలి, ఆయనది నిండుగా, గరుకుగా ఉంటుంది. చెవి తప్పినవాడికి ఒకచోట ఎక్కి మరోచోట దిగుతుంది, ఆయనకు పాట పొడవునా ఆ ఎత్తు అలాగే ఉంటుంది. అది ఆయన గొంతు. మన గొంతును మనం దిద్దుకోం కదా.

ఆ గొంతు ఎక్కడ తయారైందో చెప్పాలంటే న్యూయార్క్‌లోని నల్లజాతివాళ్ల పేట హార్లెమ్‌కు వెళ్లాలి. 1931లో న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి గిటారిస్టు, టైనీ బ్రాడ్‌షా బృందంలో వాయించేవారు, ఈయన చిన్నప్పుడే పోయారు. కుర్రతనంలో కలిసి వాయించిన ఇరుగుపొరుగు ఎవరంటే, తర్వాత జాజ్‌లో పేరు తెచ్చుకున్న సోనీ రోలిన్స్, కెన్నీ డ్రూ, ఆర్ట్ టేలర్. పియానోలో బీబాప్‌కు (1940ల్లో వచ్చిన వేగమైన జాజ్ శైలికి) దారి వేసిన బడ్ పవెల్ కూడా ఆ చుట్టుపక్కలే ఉండేవారు, ఆయన దగ్గరికి వెళ్లి నేర్చుకున్నారు. పుస్తకం కాదు, సిలబస్ కాదు, అచ్చంగా గురుముఖతః నేర్చిన విద్య. ఇరవై ఏళ్లకే 1951లో ప్రసిద్ధ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ రికార్డింగులో వాయించారు.

ఆ తరం ఆల్టో వాద్యకారులందరి మీదా బీబాప్ ఆల్టో దిగ్గజం చార్లీ పార్కర్ నీడ ఉండేది. ఆ నీడలోంచి తనను బయటికి లాగింది బేస్ వాద్యకారుడు చార్ల్స్ మింగస్ అని మాస్టారు స్వయంగా చెప్పుకున్నారు. మాదకద్రవ్యాల కేసు వల్ల మాస్టారి క్యాబరే కార్డు పోయింది. అప్పట్లో న్యూయార్క్ క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులిచ్చే ఆ కార్డు ఉండాలి. అది లేక క్లబ్బులు మూసుకుపోతే మిగిలింది స్టూడియో. బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల సంస్థకు ఆయన అన్ని రికార్డులు చేయడం వెనుక ఈ కారణం కూడా ఉంది. బోస్టన్‌లో టోనీ విలియమ్స్ అనే టీనేజి డ్రమ్మర్‌ను విని న్యూయార్క్‌కు తెచ్చింది కూడా ఆయనే. నాకు ఆయనలోని ఉపాధ్యాయుడు మొదట కనిపించేది అక్కడే.

1968లో హార్ట్‌ఫర్డ్ యూనివర్సిటీలోని హార్ట్ స్కూల్లో పాఠాలు మొదలుపెట్టారు. తర్వాత ఆఫ్రికన్ అమెరికన్ సంగీత విభాగాన్ని నెలకొల్పి, జాజ్‌లో డిగ్రీ కోర్సు పెట్టించారు. ఆ విభాగం ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. అంతకంటే నాకు ముఖ్యమనిపించేది 1970లో భార్య డాలీ గారు, మరికొందరితో కలిసి అదే ఊళ్లో స్థాపించిన ఆర్టిస్ట్స్ కలెక్టివ్. సంగీతం, నృత్యం, నాటకం, చిత్రలేఖనం, యుద్ధవిద్యలు, అన్నీ ఆ చుట్టుపక్కల పిల్లలకు. తనకు పవెల్ ఇల్లు దొరికినట్టు ఇంకో పిల్లవాడికి కూడా నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చోటు దొరకాలి. నేను దాన్ని అలాగే అర్థం చేసుకున్నాను. శిష్యుల్లో జిమ్మీ గ్రీన్, అబ్రహం బర్టన్ శాక్సోఫోన్‌లో, స్టీవ్ డేవిస్ ట్రాంబోన్‌లో పేరు తెచ్చుకున్నారు. మాస్టారు 1950ల్లో వాయించిన డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బృందంలోనే స్టీవ్ డేవిస్ కూడా తర్వాత వాయించారు. 2006 మార్చి 31న మాస్టారు హార్ట్‌ఫర్డ్‌లోనే కన్నుమూశారు.

ఆయన శబ్దం పట్టుకోవాలనుకునే ఇప్పటి విద్యార్థులకు ఒక సాధన చెబుతాను. శాక్సోఫోన్‌లో అట్టడుగు స్వరమైన బి-ఫ్లాట్ వేళ్లు మూసి ఉంచండి, స్వరాన్ని పై స్థాయికి ఎక్కించే ఆక్టేవ్ కీ ముట్టుకోవద్దు. వేళ్లు కదపకుండా గొంతు, నాలుక సర్దుకుంటూ పై బి-ఫ్లాట్, తర్వాత ఎఫ్, మళ్లీ బి-ఫ్లాట్, ఆపైన డి, ఎఫ్ రప్పించండి. ఒక్కోదాన్ని ఎనిమిది లెక్కల సేపు నిలపాలి. రాకపోతే ఊపిరి పెంచకండి. స్వరాన్ని ముందు మనసులో పాడుకోండి, గొంతు దానంతట అది ఆ ఆకారంలోకి వస్తుంది. రోజుకు పది నిమిషాలు చాలు, పెదవి అలిసిందంటే మళ్లీ కొరకడం మొదలవుతుంది. రంధ్రాలను మూసే ప్యాడ్ ఎక్కడైనా గాలి కారుతుంటే అట్టడుగు స్వరమే పలకదు, కాబట్టి ముందు అది చూసుకోవాలి.

ఆ తర్వాత 1962 మార్చిలో ఆయన రికార్డు చేసిన ‘లెట్ ఫ్రీడమ్ రింగ్’ వినండి. నాలుగు పాటల్లో మూడు ఆయన సొంతం, నాలుగోది బడ్ పవెల్ రాసిన నెమ్మదైన పాట. రికార్డులో మాటిమాటికీ మామూలు వేళ్లకు అందని ఎత్తులో ఒక కేక లేస్తుంది. పొరపాటుగా వచ్చే కీచుమన్న చప్పుడు అదాటున తెగిపోతుంది. ఇది అలా తెగదు. అక్కడ నిలిచి, తిరిగి పాటలోకి దిగుతుంది.