చుక్కి దగ్గుకు కారణం తెలిసేదాకా: నా అనుభవం

మా పిల్లి చుక్కికి ఊపిరితిత్తుల పురుగులు ఉన్నాయని తేలడానికి మూడు నెలలు పట్టింది. మందు కోర్సు ముగిశాక చేసిన పరీక్షలో పురుగుల జాడ లేదని వైద్యురాలు నిన్ననే చెప్పారు. ఇంకెవరి పిల్లీ ఇన్నాళ్ళు అనవసరంగా బాధపడకూడదన్న ఉద్దేశంతో జరిగినదంతా వెంటనే రాస్తున్నాను.

చుక్కి పగలంతా ఇంట్లో పడుకుని, చీకటి పడ్డాక గోడలెక్కి తిరుగుతుంది. మొదట దాని తోక కింద వెంట్రుకలకు బియ్యపు గింజల్లాంటివి అంటుకుని కనిపించాయి. వాటిలో ఒకటి దుప్పటి మీద పడి మెల్లగా సాగుతూ, ముడుచుకుంటూ కదలడం నేను కళ్ళారా చూశాను. అవి బద్దెపురుగు తునకలని, ఒళ్ళు నాక్కునేటప్పుడు పిల్లి మింగిన ఫ్లీల (బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగుల) ద్వారా ఆ పురుగు కడుపులో చేరుతుందని పశువైద్యశాలలో చెప్పి, ప్రాజిక్వాంటెల్ మాత్ర ఇచ్చారు. ఆ మాత్రతో తునకలు ఆగిపోయాయి. ఫ్లీలను వదిలించకపోతే పురుగు మళ్ళీ వస్తుంది కనుక, మెడ వెనక వేసే మందు కూడా వాడాము. ఆ మందు కొనేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. కుక్కల కోసం తయారుచేసే పెర్మెత్రిన్ మందులు పిల్లులకు విషం, వాటివల్ల ప్రాణమే పోవచ్చు.

ఆ తరువాత దగ్గు మొదలైంది. చుక్కి నేలకు ఆనుకున్నట్టుగా వంగి, మెడ ముందుకు చాచి, పది పదిహేనుసార్లు దగ్గేది, కానీ నోట్లోంచి ఏమీ వచ్చేది కాదు. అదే పశువైద్యశాలకు తీసుకువెళితే, వైద్యుడు దాన్ని సరిగ్గా ముట్టుకోకుండానే, "వెంట్రుకల ఉండ అడ్డం పడి ఉంటుందమ్మా, మీరు ఊరికే కంగారు పడుతున్నారు" అని పంపించేశారు. రెండోసారి వెళ్ళినప్పుడు మలపరీక్ష చేయమని నేనే అడిగాను. అంతకు రెండు రోజుల క్రితం పెరటి మట్టిలోంచి తీసిన నమూనాను డబ్బాలో ఇస్తే, అది పనికిరాదని ఒక్కరైనా చెప్పకుండా పుచ్చుకున్నారు. రిపోర్టులో పురుగుల గుడ్లు లేవని వచ్చింది. "మరి వేరే రకం పురుగుల వల్ల దగ్గు రావచ్చా?" అని నేను అడిగినందుకు ఆయన ఆ కాగితాన్ని నా వైపు తోసి, "గుడ్లు లేవని రాసి ఉంది కదా, చదవడం రాదా?" అన్నారు. గదిలో వేచి ఉన్నవాళ్ళందరూ నా వైపు చూశారు. ఆ మాటకు నేను తిరిగి ఏమీ అనలేక, పిల్లి బుట్ట పట్టుకుని బయటికి వచ్చేశాను. ప్రశ్న అడిగిన మనిషిని నలుగురిలో చిన్నబుచ్చేవారికి వైద్యం ఎంత తెలిసినా, వారి దగ్గరికి వచ్చిన నోరులేని జీవికి దానివల్ల మేలు జరగదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఆయన ఉబ్బసం అని రాసిచ్చిన స్టెరాయిడ్ మాత్రలతో రెండు వారాలు దగ్గు తగ్గింది, మాత్రలు ఆపగానే తిరిగి వచ్చింది. ఒక రాత్రి చుక్కి నిద్రలోనే డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే, గడియారం ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 48 సార్లు వచ్చింది. నిద్రపోతున్న పిల్లికి ఆ లెక్క 30 లోపే ఉండాలి.

మర్నాడు వేరే వైద్యురాలి దగ్గరికి వెళ్ళాము. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఇది బయట ఏమేం పట్టి తింటుంది?" అన్నది. మూడు నెలల్లో ఆ ప్రశ్న అడిగినవారు ఆమె ఒక్కరే. బల్లులు, ఎలుకలు, అప్పుడప్పుడు పిట్టలు అని చెప్పాను. ఊపిరితిత్తుల పురుగు పిల్లలు నత్తల్లో పెరుగుతాయని, ఆ నత్తలను తిన్న ఎలుకలు, పిట్టలు, బల్లులు, కప్పల ఒంట్లో కూడా అవి బతికే ఉంటాయని, వేటాడే పిల్లికి వాటి ద్వారానే అంటుకుంటాయని ఆమె ఓపికగా వివరించారు. పెద్ద పురుగులు ఊపిరితిత్తుల్లో ఉంటాయి. వాటి పిల్లలు దగ్గుతో పాటు గొంతులోకి వచ్చి, మింగుడుపడి, మలంలో బయటికి వస్తాయి. మామూలు పరీక్షలో గాఢమైన ఉప్పునీటి మీద తేలే గుడ్లను వెతుకుతారు. ఈ పురుగు మాత్రం మలంలో గుడ్లుగా కాక పిల్లలుగానే కనిపిస్తుంది, ఆ ద్రావణంలో పిల్లలు ముడుచుకుపోయి ఆనవాలు పట్టడానికి వీల్లేకుండా పోతాయి. అంటే ఆ రిపోర్టు అబద్ధం కాదు, చేసిన పరీక్షే మాకు కావలసినది కాదు.

దీనికి బేర్మన్ పరీక్ష చేయాలి. మలాన్ని పలుచటి గుడ్డలో కట్టి, గోరువెచ్చని నీళ్ళు నింపిన గరాటులో రాత్రంతా ఉంచితే, బతికున్న పురుగు పిల్లలు నీళ్ళలోకి వచ్చి అడుగుకు దిగుతాయి. నమూనా తాజాగా ఉండాలి. మట్టిలోంచి తీస్తే మట్టిలో స్వేచ్ఛగా బతికే పురుగులు కలిసిపోయి తికమక పెడతాయి కనుక, మట్టి అంటని నమూనాయే ఇవ్వాలి. పిల్లలు రోజూ బయటపడవు కాబట్టి ఒక్కరోజు నమూనాతో తృప్తిపడకుండా, మూడు రోజులవి అడిగి మరీ పరీక్ష చేయించండి. మాకు రెండో రోజు నమూనాలో దొరికింది. వైద్యురాలు నన్ను సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. దారప్పోగులాంటి పురుగు నీళ్ళలో కొట్టుకుంటోంది, దాని తోక చివర వంపు తిరిగి ఉంది. ఆ వంపును బట్టే పురుగును గుర్తుపడతారట. అన్నాళ్ళు నేను పడ్డ అనుమానం నిజమేనని ఆ క్షణంలో తెలిసి, నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఆమె ఫెన్‌బెండజోల్ కోర్సు రాశారు. రోజూ మందు పట్టడం కష్టం కాలేదు. అది పూర్తయ్యాక దగ్గు క్రమంగా తగ్గింది.

గర్భవతిగా ఉన్న మా చెల్లెలి కోసం పిల్లిని వదిలేయమని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబట్టినప్పుడు కూడా ఆ వైద్యురాలే సాయపడ్డారు. ఊపిరితిత్తుల పురుగు మనుషులకు అంటదని, గర్భిణికి ప్రమాదకరమైనది టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి అని, పిల్లి మలంలోని దాని గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒకరోజు పడుతుంది కనుక, మలం తొట్టిని రోజూ శుభ్రం చేస్తూ, ఆ పని చెల్లెలికి ఇవ్వకుండా ఉంటే చాలావరకు రక్షణ అని చెప్పారు. తొట్టి పని నేను తీసుకున్నాను.

ఇప్పుడు రాత్రుళ్ళు కిటికీలు మూసి, చుక్కిని లోపలే ఉంచుతున్నాము. మొదటి వారం తలుపు గీరుతూ అరిచింది, ఇప్పుడు నా కాళ్ళ దగ్గరే పడుకుంటోంది. నిన్న రాత్రి అది నిద్రపోయాక మళ్ళీ గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 22 వచ్చింది.