తీరాన పర్యావరణ క్లబ్

విశాఖపట్నంలో మా అమ్మాయి చదివే ఉన్నత పాఠశాలలో వక్తృత్వం, క్విజ్, చదరంగం బృందాలున్నా, నా మనసు నిలిచింది పర్యావరణ క్లబ్ మీదనే. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాటిని సేకరించి, కంచె వేసిన ఇసుకలో పాతిపెడితే, సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. ఒక తెల్లవారుజామున వాటిని వదులుతుంటే మా పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. అరచేతిలో ఇమిడిపోయే ఒక నల్లని పిల్ల, అల వెనక్కి నెట్టినా, తడి ఇసుకపై సన్నని గీతలు విడుస్తూ మళ్లీ నీటివైపే సాగింది. మా అమ్మాయి ఆ గీతలను నోటు పుస్తకంలో గీసుకుంది.

పదో తరగతి రాగానే క్లబ్బులు మాన్పించడం (చాలా బడుల్లో ఉన్నదే) నన్ను బాధిస్తుంది. వారానికి ఒక గంటైనా ఉంచమని ప్రధానోపాధ్యాయులను కోరాను.