రెండు పాత కంప్యూటర్లు, మధ్యన ఒక తీగ

నాన్నగారి ఛందస్సు పాఠాలన్నీ సీతమ్మధార ఇంట్లోని పాత విండోస్ 98 కంప్యూటరులో ఉన్నాయి. తెలుగు పండితులుగా పనిచేసిన రోజుల్లో ఆయన పుటలు కూర్చే పేజ్‌మేకరు సాఫ్ట్‌వేరులో, అను అనే తెలుగు ఫాంట్లతో, ఒక్కొక్క పద్యానికీ గురులఘువులు గుర్తించి, గణవిభజన చేసి తయారుచేసుకున్న పాఠాలవి. యంత్రం ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నది గానీ, ఉప్పుగాలి తగిలే విశాఖలో ఇనుము ఎంతకాలం నిలుస్తుందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. అందుకని ఈ ఆదివారం వాటిని పక్క గదిలోని విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరులోకి చేర్చే పని పెట్టుకున్నాను.

పెన్‌డ్రైవుతో అయిపోయే పని కాదిది. విండోస్ 98కి పెన్‌డ్రైవును గుర్తించే డ్రైవరు పుట్టుకతో లేదు. ఒక్కొక్క డ్రైవుకూ దాని తాలూకు డ్రైవరును వేరుగా ఎక్కించాలి. ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లే కాగా, నాన్నగారు స్కాన్ చేసి దాచుకున్న పుటలు ఒక్కొక్కటే అంతకంటె పెద్దవి. హార్డుడిస్కును ఊడదీసి మరొక యంత్రానికి తగిలించవచ్చు, కాని అన్నేళ్లుగా ఒకేచోట తిరుగుతున్న డిస్కును కదిలించడానికి నాకు మనసొప్పలేదు. ఎక్స్‌పీ యంత్రానికి పెన్‌డ్రైవులతో ఏ పేచీ లేదు కనుక, ఈ రెండిటినీ కలిపితే చాలు, ఆ పైన దారి సుగమమే.

వెనకటి రోజుల్లో ఇలాంటి పనికి సీరియల్ కేబులు వాడేవారు. దాని మామూలు గరిష్ఠ వేగం సెకనుకు 1,15,200 బిట్లు, అంటే పదకొండు కిలోబైట్లకు కాస్త ఎక్కువ. ఆ లెక్కన 100 మెగాబైట్లు దాటించడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. కంప్యూటర్లను నెట్‌వర్కుగా కలిపే లాన్ కార్డు వేగమేమో సెకనుకు 100 మెగాబిట్లు. పాత డిస్కుల నెమ్మది వల్ల అందులో సగమే చేతికి వచ్చినా అదే పని పావు నిమిషంలో తెములుతుంది. రెండు యంత్రాలలోనూ లాన్ పోర్టు ఉన్నది కాబట్టి మరొక ఆలోచన చేయలేదు. ఇక్కడే ఒక జాగ్రత్త కూడా రాసిపెట్టుకుంటాను: రెండు కొసలూ ఒకేరకంగా ఉండే మామూలు యూఎస్‌బీ తీగతో రెండు కంప్యూటర్లను ఎన్నడూ కలపరాదు. రెండు వైపులా 5 వోల్టుల విద్యుత్తు ఉంటుంది కనుక పోర్టులు దెబ్బతినవచ్చు. ఆ పనికి మధ్యలో చిప్పు ఉండే ప్రత్యేకమైన కేబులే కావాలి.

గురుద్వారా కూడలి మీదుగా ద్వారకానగర్ వెళ్లి, ఒక దుకాణంలో క్రాస్ కేబులు, అంటే రెండు కొసల్లోనూ లోపలి తీగల వరుస వేరుగా ఉండే లాన్ తీగ, అడిగాను. "ఇప్పుడెవరూ అడగట్లేదు మేడమ్, అన్నీ స్ట్రెయిటే" (రెండు కొసల్లోనూ ఒకే వరుస ఉండేవే) అంటూ ఆ కుర్రవాడు మూడు మీటర్ల తీగ, నాలుగు కనెక్టర్లు కట్టి ఇచ్చాడు. తీగకు కనెక్టరును నొక్కి బిగించే క్రింపింగ్ టూలు ఇంట్లో ఉన్నదే.

అతడన్నది నిజమే. గిగాబిట్ పోర్టులున్న యంత్రాలు తీగ ఏ రకానిదో తామే గుర్తించి సర్దుకుంటాయి. రెండిటిలో ఒకటి అలాంటిదైనా స్ట్రెయిట్ కేబులు సరిపోతుంది. మా రెండూ అంతకు ముందు తరానివి. వాటి కార్డులు 1, 2 పిన్నుల మీద పంపుతాయి, 3, 6 పిన్నుల మీద అందుకుంటాయి. తిన్నని తీగ వేస్తే ఒకరి నోరు మరొకరి నోటికే ఎదురవుతుంది, చెవి చెవికే ఎదురవుతుంది. మధ్యలో హబ్బో స్విచ్చో ఉంటే ఆ తారుమారు దాని లోపలే జరిగిపోతుంది. అది లేనప్పుడు తీగలోనే చేసుకోవాలి. తీగ లోపలి నాలుగు రంగుల జతల్లో, ఒక కొసన నారింజ జత ఉన్నచోట రెండో కొసన ఆకుపచ్చ జతను ఉంచి, ఆకుపచ్చ ఉన్నచోట నారింజను ఉంచితే పని అయినట్టే. నీలం, గోధుమ జతలకు 100 మెగాబిట్ల సంభాషణలో పాత్రే లేదు. ఇంత తేలికైన ఏర్పాటు ఇంత బాగా పనిచేయడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

నాన్నగారు కళ్లద్దాలు సవరించుకుని, నేను రాసి ఇచ్చిన కాగితం చూసి వరుస చదివారు: "తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ." గణాలు చెప్పేటప్పటి నిదానమే ఆ గొంతులో వినిపించింది. ఎనిమిది తీగలనూ వేళ్ల మధ్య చదును చేసి, కొసలు సమంగా కత్తిరించి, మెలిక విప్పిన భాగం అర అంగుళం మించకుండా కనెక్టరులోకి తోశాను. రాగి మొనలు ఎదుటి అంచును తాకాయని పారదర్శకమైన ప్లాస్టిక్కులోంచి చూసి ఖాయం చేసుకున్నాకనే టూలు నొక్కాను. రెండో కొసకు ఆయన నారింజను, ఆకుపచ్చను తారుమారు చేసి తానే చదివారు, కాగితం చూడనక్కరలేకపోయింది.

తీగ పెట్టగానే రెండు కార్డుల మీదా పచ్చదీపాలు వెలిగాయి. కంప్యూటర్లకు నెట్‌వర్క్ చిరునామాలు పంచే రూటరు లేదు కనుక ఒకదానికి 192.168.0.1, రెండోదానికి 192.168.0.2 అని, రెండిటికీ 255.255.255.0 మాస్కు అని నేనే ఇచ్చాను. ఈ 192.168 వరుసను 1994లోనే ఇటువంటి సొంత నెట్‌వర్కుల కోసం కేటాయించారు. ఇంటర్నెట్టుతో దీనికి ప్రమేయమే లేదు. విండోస్ 98 తన అలవాటు ప్రకారం సీడీ అడిగింది, రీస్టార్టు కోరింది. ఒక యంత్రం నుంచి రెండోదాన్ని పలకరించి చూసే పింగ్ చేస్తే జవాబులు వరుసగా వచ్చాయి. వర్క్‌గ్రూప్ పేరు రెండిటిలోనూ ఒకటే పెట్టి, 98లోని పాఠాల ఫోల్డరును చదవడానికి మాత్రమే అనుమతిస్తూ షేర్ చేశాను. మూలప్రతులకు ఏ ప్రమాదమూ ఉండకూడదన్నది నా పట్టుదల. నెట్‌వర్క్ జాబితాలో పేరు కనబడటానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు గనుక, ఎదురుచూడకుండా ఎక్స్‌పీలో కంప్యూటరు పేరుతో వెతికితే వెంటనే దొరికింది.

పాఠాలతోపాటు అను ఫాంట్ల ఫైళ్లను కూడా తెచ్చుకున్నాను. ఇది మరువరాని సంగతి. ఆ పాఠాల ఫైళ్లలో ఉన్నవి, ఏ యంత్రమైనా తెలుగుగానే గుర్తించే యూనికోడు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు రూపాలు. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే ఉత్పలమాల కాస్తా అర్థం లేని గుర్తుల గుంపుగా కనబడుతుంది.

ఫాంట్లు, పేజ్‌మేకరు ఎక్కించిన తరువాత నాన్నగారు యతి పాఠం తెరిచి, గణాల పట్టికలో గీతలు జరిగాయేమోనని ఒక్కొక్క పాదమూ పరీక్షించారు. అన్నీ సరిగానే ఉన్నాయి. ఈ వారం అన్నిటినీ రెండు పెన్‌డ్రైవులలో దాచి, ఆ తరువాత యూనికోడులోకి మార్చాలి. మార్పిడి పనిముట్లు ఒత్తుల దగ్గర తడబడతాయి కనుక పద్యాలను నాన్నగారే సరిచూస్తానన్నారు. వృత్తాలు ముందా, జాతులు ముందా అన్న వరుస కూడా ఆయనే రాసి ఇచ్చారు.