బియ్యపు గింజంత పొటాషియం

గుంటూరులో ఇంటర్ విద్యార్థులకు కెమిస్ట్రీ చెప్పిన నేను, ఇంగ్లండులోని మిడ్‌లాండ్స్‌లో ఒక సెకండరీ పాఠశాలలో చేరిన మొదటి సంవత్సరమే క్షార లోహాల (సోడియం, పొటాషియం వంటివి) పాఠం దగ్గర వెనకడుగు వేశాను. నీళ్లలో పొటాషియం వేసి చూపిస్తానని స్టాఫ్ రూములో అంటే, పక్కనున్న సహోపాధ్యాయుడు “దాన్ని నిషేధించారు కదా, పేపర్లలో కూడా వచ్చింది” అన్నాడు. ఎవరు నిషేధించారో, ఎప్పుడు నిషేధించారో నేను అడగలేదు. నా వీసా ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది. విదేశంలో శిక్షణ పొందిన టీచరుగా నాలుగేళ్లలోగా క్యూటీఎస్ అనే ఇక్కడి అధికారిక టీచరు అర్హత సంపాదించుకోవాలి, అందుకు ఆ పాఠశాల మాట నాకు అవసరం. అలాంటి స్థితిలో ఉన్నవాడికి వదంతి కూడా చట్టంలాగే వినిపిస్తుంది.

ప్రయోగానికి బదులు పిల్లలకు ఇంటర్నెట్టులో దొరికిన ఒక టీవీ కార్యక్రమం ముక్క చూపించాను. అందులో స్నానాల తొట్టి నీళ్లలో రుబీడియం, ఆ తరువాత సీజియం వేస్తే తొట్టె బద్దలైపోతుంది. ఆవర్తన పట్టికలో ఈ లోహాల గ్రూపులో కిందికి వెళ్లేకొద్దీ చర్యాశీలత పెరుగుతుందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదనుకుని పాఠం ముగించాను.

పాఠం అయ్యాక నన్ను పక్కకు పిలిచింది మా ల్యాబ్ టెక్నీషియన్. ఇక్కడ ప్రతి ప్రయోగానికీ సామాన్లు ట్రేలో సర్ది, రసాయనాలు తూచి, అయిపోయాక వాటిని భద్రంగా పారవేసే బాధ్యత ఈ ఉద్యోగులదే. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఆమెకు తెలిసినంత ఆ భవనంలో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఆ పేలుడు రసాయన చర్య వల్ల వచ్చింది కాదని, చర్య అనుకున్నంత గొప్పగా కనిపించకపోవడంతో తొట్టెలో పేలుడు పదార్థం పెట్టారని, ఆ సంగతి 2006లోనే బయటపడిందని ఆమె చెప్పింది. నిజమైన ప్రయోగాన్ని లేని నిషేధానికి భయపడి ఆపేసి, దాని స్థానంలో కల్పిత ప్రయోగాన్ని సైన్సుగా చూపించానని తెలిసిన ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు.

ఆమె బీరువాలోంచి క్లీప్స్ వారి హజ్‌కార్డు తీసి చూపించింది. 1963లో స్థానిక విద్యాధికార సంస్థలు కలిసి ఏర్పరచుకున్న ఈ సంస్థ, పాఠశాలల్లో ఏ రసాయనాన్ని ఎవరు, ఎంత, ఎలా వాడవచ్చో కార్డుల మీద రాసి ఇస్తుంది. పొటాషియం విషయంలో అది విద్యార్థులు చేసేది కాదు, టీచరు ప్రదర్శించవలసినది. బియ్యపు గింజంత ముక్క, అడ్డుగా భద్రతా తెర, అందరి కళ్లకూ గాగుల్స్, పిల్లలు దూరంగా. నిషేధం అన్న మాట ఎక్కడా లేదు. ఇలాంటి అపోహల మీదే 2005లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ ఒక నివేదిక తెచ్చింది. టీచర్లు నిషేధమనుకుంటున్న వాటిలో నిజంగా నిషేధించినవి చాలా కొద్ది అని అందులో తేలింది. బెంజీన్ వంటివి ఆ కొద్దిలోకి వస్తాయి, వాటికి కారణాలు గట్టివే.

భద్రతా చట్టాలు పిల్లలను ప్రయోగాలకు దూరం చేస్తున్నాయనడానికి నమ్మదగిన ఆధారం లేదని 2011లో పార్లమెంటు సైన్స్ కమిటీ కూడా చెప్పింది. చట్టాల వరకు అది నిజమే. కానీ చట్టం గురించిన నమ్మకం చేసే పని వేరు. చట్టం అడిగేది ప్రమాదాన్ని ముందుగా ఆలోచించి, ముఖ్యమైన సంగతులు రాసిపెట్టమని మాత్రమే. మా దగ్గర అది ప్రతి తరగతికీ వేరుగా నింపవలసిన రెండు పేజీల ఫారముగా, మూడు సంతకాలుగా మారింది. వారానికి ఇరవైకి పైగా పాఠాలు చెప్పే మనిషి ఆ ఫారము ముందు కూర్చుంటే, పాత ఫారములోని వాక్యాలనే దించి పెడతాడు, లేదా ప్రయోగమే మానేస్తాడు. మొదటిదానిలో ఆలోచన పోతుంది, రెండోదానిలో పాఠమే పోతుంది.

భద్రత అక్కరలేదని నేననను. గుంటూరులో మా కళాశాల ల్యాబులో విషవాయువు పుట్టించే కిప్ పరికరం పక్కన, కళ్లద్దాలు లేకుండా సాల్ట్ అనాలిసిస్ చేశాం; అది ధైర్యం కాదు, మా కళ్ల గురించి ఎవరికీ పట్టకపోవడం.

మరుసటి నెల నేను ఫారము నింపి, హజ్‌కార్డు జతచేసి, ప్రయోగానికి అనుమతి తెచ్చుకున్నాను. సంతకాలు పెట్టినవారెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అడగవలసిన ప్రశ్న అడిగింది టెక్నీషియనే. సీసాలోని పొటాషియాన్ని వెలుతురులో తిప్పి చూస్తూ, లోహం మీద పసుపు పెచ్చు కట్టిందేమోనని వెతికింది. పాతబడిన పొటాషియం మీద గాలి తగిలి ఏర్పడే ఆ పెచ్చు, అంటే సూపరాక్సైడు, ముక్క కోసేటప్పుడు లోహాన్ని నిల్వ ఉంచే నూనెతో కలిసి పేలవచ్చు. ఏ పత్రికా రాయని అసలు ప్రమాదం అది, మా ఫారములో దానికి గడి కూడా లేదు.

లేత ఊదా మంటతో ఆ చిన్న ముక్క నీటి మీద పరుగెత్తి, చివర్లో చిటపటలాడి మాయమైంది. పిల్లలకు పాత వీడియో సంగతి దాచకుండా చెప్పి, తప్పు నాదని ఒప్పుకున్నాను. వెనక వరసలోని ఒక అమ్మాయి, “మరి సీజియం ఎందుకు పేలలేదు?” అని అడిగింది. బోర్డు మీద రెండు పరమాణు భారాలు రాశాను: పొటాషియానికి 39, సీజియానికి 133. ఒక గ్రాము సీజియంలో ఉండే పరమాణువులు, ఒక గ్రాము పొటాషియంలో ఉన్నవాటిలో మూడో వంతు కూడా ఉండవని వాళ్లే లెక్కకట్టారు. సాంద్రతలు చూసి, పొటాషియం తేలుతుందని, సీజియం మునుగుతుందని కూడా పట్టుకున్నారు. గంట మోగినా ఆ అమ్మాయి లేవలేదు. రుబీడియం లెక్క ఇంకా మిగిలి ఉంది.