తిన్న మేతకు పాలెన్ని? ఆవుల ఎంపికలో నా అనుభవం

పాలు ఎక్కువిచ్చే ఆవుకే మంచి సూది (బుల్ వీర్యంతో చూడి కట్టించేది) వేయించాలి, దాని పెయ్యనే ఉంచుకోవాలి. హనుమకొండ దగ్గరి మా కొట్టంలో చాలా ఏళ్లు ఇదే పద్ధతి. తిన్నదెంతో తూచడం మొదలుపెట్టాక అది మారింది.

మేత పొట్టలో పులిసినప్పుడు మీథేన్ పుడుతుంది. దాదాపు అంతా తేన్పులతో నోటి నుంచే పోతుంది. మేతలోని శక్తిలో సుమారు 6 శాతం అట్లా గాలిలో కలుస్తుంది. దాన్ని కొలిచే యంత్రం మన దగ్గర దొరకదు కానీ, తిన్న ప్రతి కిలో ఎండు పదార్థానికి (తడి తీసేసిన మేతకు) సుమారు 20 గ్రాముల మీథేన్ అని లెక్కేసుకోవచ్చు. కాబట్టి కాంటా ఉంటే పని నడుస్తుంది.

గాడి మధ్యలో చెక్కలు అడ్డం పెట్టి ఒక్కో ఆవును విడదీశాను. ఏడు రోజులు వరుసగా వేసిన మేత, మిగిలిన మేత రెండూ తూచాలి. మొదటిసారి మిగిలింది తూచలేదు. నేపియర్ గడ్డి కాడలు వదిలేసే ఆవు తిండిపోతులా తేలింది, లెక్కంతా పారేయాల్సి వచ్చింది. పచ్చిగడ్డి తడిని కూడా తీసేయాలి. తరిగిన గడ్డి కిలో తీసుకుని, తూకం ఇక తగ్గదు అనేదాకా ఎండబెడితే 200 గ్రాములు మిగిలింది. వాన పడ్డ మర్నాడు కోసిన దాంట్లో 150 గ్రాములే. అందుకే ప్రతి కోతకూ ఇది చేయాలి. వరిగడ్డి, దాణా కిలోకు 900 గ్రాములుగా పట్టుకున్నాను.

పాలను వెన్నతో సరిచేయకుండా పోల్చకూడదు. పాల కిలోలను 0.4తో, వెన్న కిలోలను 15తో గుణించి కలిపితే 4 శాతం వెన్న పాల లెక్క వస్తుంది. మా జెర్సీ సంకర ఆవు బరువు 370 కిలోలు, పాలు 10 కిలోలు, వెన్న 4.5 శాతం. సరిచేస్తే 10.75. తిన్న ఎండు పదార్థం 10.3 కిలోలు. అంటే కిలో మేతకు 1.04 కిలోల పాలు. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవు బరువు 430 కిలోలు, పాలు 12 కిలోలు, వెన్న 3.6 శాతం. సరిచేస్తే 11.28. కానీ తిన్నది 13 కిలోలు. కిలో మేతకు 0.87 మాత్రమే. మీథేన్ చూస్తే మొదటిది కిలో పాలకు సుమారు 19 గ్రాములు, రెండోది 23. కొట్టంలో అందరూ మెచ్చుకునే ఆవు ఆ రెండోదే.

బాగా మోసం చేసేది ఈనిన తొలి రెండు నెలలు. అప్పుడు ఆవు తన ఒంటి కొవ్వు కరిగించి పాలిస్తుంది. తిన్నది తక్కువ, పాలు ఎక్కువ కాబట్టి కాగితం మీద బంగారంలా కనిపిస్తుంది. బొక్కలు తేలుతున్నాయా అని చూడకుండా దాన్నే ఎంచుకుంటే, ఒళ్లు తగ్గి ఎదకు ఆలస్యంగా వచ్చే ఆవుల వంశాన్ని పెంచినట్టే. నేను ఈనిన 70 నుంచి 150 రోజుల మధ్యే తూచాను. వారం ముందు, వెనక టేపుతో బరువు చూశాను. ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని దాంతోనే గుణించి, అంగుళాల్లో ఒంటి పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో తూచడం దండగ. ఎండకు మేత మానేసిన ఆవు పొదుపైనదిగా కనిపిస్తుంది.

పెయ్యకు తల్లి నుంచి గుణాలు సగమే వస్తాయి. మిగతా సగం స్ట్రాలో, అంటే బుల్ వీర్యం నింపిన సన్న గొట్టంలో ఉంటుంది. కెనడాలో 2023 ఏప్రిల్ నుంచి లాక్టానెట్ సంస్థ హెచ్‌ఎఫ్ జాతికి, సంతానం మీథేన్ ఎంత వదులుతుందో అంచనా వేసే విలువలు ఇస్తోంది. పాల నమూనాలను ఇన్‌ఫ్రారెడ్ యంత్రంలో చూసి అంచనా కడతారు. మా సంకర ఆవులకు అలాంటి అంకె లేదు. అందుకే బుల్ తల్లి పాలు, వెన్న శాతం, కూతుళ్ల రికార్డు అడిగాను. స్ట్రా కరీంనగర్ వీర్య కేంద్రానిదైనా, బయటిదైనా దాని మీద బుల్ నంబరు ఉంటుంది. చెవిపోగు నంబరు పక్కన అది రాసుకోకపోతే, మూడేళ్లకు పెయ్యకు తండ్రి సూదే పడుతుంది.

పొద్దున ఎదలో కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున, ఊళ్లో సూదులు వేసే గోపాలమిత్రతో సూది వేయించాను. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. చేతుల మధ్య రుద్ది కరిగిస్తుంటే ఆపించండి. ఆడదూడలే ఎక్కువగా పుట్టేలా వేరుచేసిన స్ట్రాలో వీర్య కణాలు తక్కువ, చూడి కట్టడమూ తక్కువే. అందుకే సరిగ్గా ఎదకొచ్చే పడ్డలకే వాడాను.

21వ రోజు మళ్లీ ఎద చూడాలి, మూడో నెలలో చూడి పరీక్ష చేయించాలి. ఇవి వదిలేస్తే పై తూకాలన్నీ వృథా. వట్టిపోయిన ఆవు రోజుకు 7 కిలోల ఎండు పదార్థం తిన్నా, 100 రోజులు ఖాళీగా ఉంటే 14 కిలోల మీథేన్. పాలు మాత్రం చుక్క రావు. రెండుసార్లు పొర్లిన (సూది వేయించినా చూడి కట్టక మళ్లీ ఎదకొచ్చిన) ఆవును డాక్టర్‌కు చూపించాకే మూడో సూది వేయించాను.