గట్టు జారిన మూల

మా చిన్నాన్న రొయ్యల చెరువు తవ్వించింది 1993లో. నేనప్పుడు ఎనిమిదో తరగతి. కాకినాడ పక్కన కోరింగ దగ్గర గోదావరి పాయ ఒడ్డున మాకు నాలుగెకరాలుండేది. దాన్ని పొలం అనలేం, వరి ఏనాడూ పండలేదు. ఉప్పునీళ్లలో పెరిగే తెల్ల మడ, తిల్ల చెట్లు, మోకాలి లోతు బురద, అంతే. తాతయ్య గేదెల్ని మేతకి అక్కడికే తోలేవాడు. నానమ్మ ఇనప కొక్కెం కన్నంలోకి దూర్చి మండపీతల్ని లాగేది. పీత కొరికిన మచ్చ ఆవిడ బొటనవేలి మీద చివరిదాకా ఉంది.

పొక్లెయిన్ మూడు రోజుల్లో అంతా చదును చేసేసింది. "పనికిరాని నేలకి ఇన్నాళ్లకి రోజులొచ్చాయిరా" అన్నాడు చిన్నాన్న. మొదటి పంట టైగర్ రొయ్యతో బండి కొన్నాడు. 1995లో తెల్లమచ్చ తెగులొచ్చింది. రొయ్యలన్నీ గట్టు వారకి చేరి చచ్చాయి. ఆ వాసన ఇప్పటికీ గుర్తే. 1996 డిసెంబరులో, తీరం పక్కన రొయ్యల చెరువులు తీసెయ్యాలని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేనాటికి మా చెరువు ఎండి నెర్రెలిచ్చింది.

వదిలేస్తే చెట్లు వాటంతటవే వస్తాయనుకున్నాను. రాలేదు. మడ గింజ పోటు నీళ్ల మీద తేలుతూ వచ్చి, పాటు తీసినప్పుడు బురదలో నిలిచి మొలుస్తుంది. గట్టుంటే పోటు రాదు, గింజా రాదు. లోపలి నేల ఎండకి ఉప్పు కక్కి తెల్లబడిపోతుంది. కోరింగలో ఇలా చచ్చిన నేలల్లో అటవీశాఖ వాళ్లు చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించి మొక్కలు నాటించారు. మధ్యలో పెద్ద కాలవ, అటూ ఇటూ పిల్ల కాలవలు. పోటు లోపలిదాకా వెళ్లాలి, కిటుకంతా అదే.

మనమూ గట్టు కొట్టిద్దామంటే చిన్నాన్న వినడు. వనామీ రొయ్య పెంచడానికి ఎవరో ఒకరు లీజుకి అడుగుతారని ఇంకా ఆశ.

మొన్న సంక్రాంతికి వెళ్తే ఒక మూల గట్టు దానంతటదే జారిపోయింది, రెండు బారల మేర. ఆ గండి లోపల మోకాలెత్తు తెల్ల మడలు. లెక్కపెట్టాను, పదకొండు. పక్కనే ఒక పీత కన్నం.

"ఇది పూడ్పించాలిరా, చూస్తే లీజు రేటు తగ్గించేస్తారు" అన్నాడు చిన్నాన్న.

"మట్టి ట్రాక్టరు ఎంతుంది చిన్నాన్నా?"

చెప్పాడు.

"ఇప్పుడెందుకు అంత డబ్బు, వేసవి పోనీ."

కాసేపు ఆ మొక్కల వైపే చూసి, "సరేలే, పోనీ" అన్నాడు.