ఎనిమిదో క్లిప్పు

రాత్రి పదకొండున్నర. వాన మళ్లీ అందుకుంది. విజయనగరం సిరిమాను సంబరం దాటి పది రోజులైనా ఈ ముసురు వదల్లేదు. పడుకుంటే ఆ ఒక్క క్లిప్పే బుర్రలో తిరుగుతోంది. బండికి నాలుగు మడ్ ఫ్లాపులు (చక్రాల వెనక మట్టి ఆపే రబ్బరు పలకలు), ఒక్కోదానికి రెండేసి పిన్నులు, పిన్ను జారకుండా పిన్నుకో ఆర్ క్లిప్పు, అంటే వంచిన తీగ క్లిప్పు. ఇప్పుడు ఏడే ఉన్నాయి.

ఎనిమిదోది తాటిపూడి దారిలో ఎక్కడో రాలిపోయింది. కారణం కనిపిస్తూనే ఉంది. పిన్ను తల వెనక్కి, క్లిప్పు చక్రం వైపుకి వచ్చేలా పెట్టడం. చక్రం ఎగరేసిన గడ్డీ, తుప్పల పుల్లలూ క్లిప్పు కంట్లో చిక్కుకుని లాగేస్తాయి. తల చక్రం వైపు ఉండాలి, క్లిప్పు వెనకవైపు ఉండాలి. సన్న స్టీలు తీగతో క్లిప్పుని బ్రాకెట్టుకి కట్టేస్తే ఊడినా వేలాడుతూ ఉంటుంది.

"ఊడదీసే ఫ్లాపులు దేనికి, ఒకసారి బిగించేస్తే పోలేదా" అని బావ మళ్లీ మొదలెట్టాడు. రోడ్డు మీద ఫ్లాపు ఎంత కిందికుంటే అంత మేలు. నేలకి 120 నుంచి 150 మిల్లీమీటర్లు వదిలితే తలుపులకి ఎర్రమట్టి రాదు, వెనకొచ్చే బైకు వాడి మొహం మీద కంకర పడదు. అదే ఫ్లాపుతో గెడ్డలో (వాగులో) దిగి రివర్సు తీస్తే, రాయికీ టైరుకీ మధ్య నలుగుతుంది. టైరు దాన్ని కింద తొక్కిపట్టి బండి బరువంతా వేసి లాగుతుంది. అప్పుడు రబ్బరు చిరగదు. బ్రాకెట్టు వంగుతుంది, ఫెండరు (చక్రం మీది రేకు) అంచు దాంతోపాటు వచ్చేస్తుంది. అందుకే గెడ్డలో దిగేముందు ఫ్లాపు తీసెయ్యాలి.

బావ బండికి చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏ షాపో చెప్పను. చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనరులోకి నేరుగా సెల్ఫ్ స్క్రూలు దించారు, ఫ్లాపుకి మూడు. పల్చటి ప్లాస్టిక్‌లో స్క్రూకి దొరికే పట్టు ఒకటి రెండు చుట్లే. నెల తిరక్కుండా అదురుకి కన్నం పెద్దదైపోయి స్క్రూ ఊరికే తిరిగింది. సరే, ప్లాస్టిక్ పోతే పోయింది. మూడో స్క్రూ రేకు అంచులోకి కొట్టారు. డ్రిల్లు చేశాక కన్నం చుట్టూ లేచిన గరుకు ఆకురాయితో తియ్యలేదు, ప్రైమరు చుక్క కూడా పెట్టలేదు. ఫ్లాపు వెనక తడి మట్టి ఎప్పుడూ ఆరదు. పైగా ఆ బండి నెలకి రెండుసార్లు చింతపల్లి బీచికి వెళ్తుంది. ఉప్పుగాలి, తడిమట్టి, పచ్చి రేకు: ఇంకేం కావాలి? స్క్రూ విప్పి చూస్తే కన్నం చుట్టూ రూపాయి బిళ్లంత మేర పెయింటు పొంగి, వేలితో నొక్కితే పొరలుగా రాలింది. ఐదు నిమిషాల పని మిగుల్చుకున్నందుకు ఫెండరుకి ఆ గతి పట్టింది.

ఫ్లాపు కట్టడమంటే సాలూరు లారీ షెడ్ల వాళ్లదే. 2022లో ఆ ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా మా నోట ఇంకా విజయనగరం సాలూరే. అక్కడ ఓ ముసలి మేస్త్రీ రబ్బరు మీద సబ్బునీళ్లు చల్లి, ఇనప స్కేలు ఆనించి, కత్తి ఒక్క దెబ్బలో లాగేవాడు. "తడెట్టి కొయ్యాల బాబూ, పొడిగా కోస్తే కత్తి అట్టుకుపోతాది" అనేవాడు. కన్నాలకి డ్రిల్లు వాడేవాడు కాదు. అంచు పదును పెట్టిన గొట్టం ముక్కని చెక్క దిమ్మ మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే బిళ్ల ఊడి పడేది. డ్రిల్లు రబ్బరుని కొయ్యదు, పీకుతుంది. కన్నం వంకరగా వస్తుంది, ఆ చీలిక దగ్గరే తర్వాత చిరుగుతుంది. మూలలు పౌడరు డబ్బా మూత పెట్టి గుండ్రంగా కోసేదీ అందుకే. అన్నిటికంటే ముఖ్యం, వాషర్లతో వదిలేసేవాడు కాదు. రబ్బరు పై అంచుకి రెండు పక్కలా వెడల్పంతా ఇనప పట్టీ వేసి బిగించేవాడు. లాగుడు ఒక్క కన్నం మీద పడకుండా పట్టీ పొడుగునా పంచుకుంటుంది.

మన బండికీ అదే పద్ధతి. టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు, ఫ్లాపు 280 వెడల్పు, 350 పొడుగు. గుడ్డ పొరలున్న పాత కన్వేయర్ బెల్టు, 5 మిల్లీమీటర్ల మందం. రెండు వైపులా 25×3 మిల్లీమీటర్ల ఇనప పట్టీలు. బండికి మాత్రం 3 మిల్లీమీటర్ల ఎల్ యాంగిల్, ఉన్న కన్నాల్లోనే ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులు, అదురుకి వదులవని నైలాక్ నట్లు. పట్టీలు యాంగిల్‌కి 6 మిల్లీమీటర్ల పిన్నులతో వేలాడతాయి. స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి, జాకీ వేసి చక్రం కిందికి జారనిచ్చి మళ్లీ చూడాలి. వెనక సైలెన్సరుకి మూడు వేళ్ల ఎడం తగ్గకూడదు. నూరు కిలోమీటర్లు తిరిగాక పట్టీ బోల్టులు మళ్లీ బిగించాలి. రబ్బరు నలిగి సన్నబడుతుంది కాబట్టి అవి వదులవుతాయి.

ఇంతవరకూ రాసి, కింద పోర్టికోలోకి వెళ్లి చూసొచ్చాను. క్లిప్పు పోయిన చోట ఉత్త ప్లాస్టిక్ కేబుల్ టై ఉంది. తాటిపూడి నుంచి ఇంటిదాకా అదే ఆపింది. పట్టీలతో కలిపినా ఫ్లాపు బరువు కిలో చుట్టుపక్కలే. దానికి స్టీలు పిన్ను దేనికి? పైనుంచి క్లిప్పుల గురించి ఇంత రాశాను గానీ, అసలు తప్పు పిన్నులోనే ఉంది. తీయడం గుర్తున్న రోజు ఏ పిన్నయినా ఒకటే. మర్చిపోయి గెడ్డలో రివర్సు తీసిన రోజు, ముందు తెగేది పిన్నే కావాలి, యాంగిల్ వంగకూడదు.

కాబట్టి స్టీలు పిన్నుల బదులు ఎం6 నైలాన్ బోల్టులు, నల్లవి. తెల్లవి ఎండకి తొందరగా పెళుసవుతాయి. రెండు కన్నాల్లోనూ నైలానే ఉండాలి. ఒకటి స్టీలుదైతే మొదటిది తెగాక లాగుడంతా దానిమీదే పడుతుంది. చేత్తో బిగిస్తే చాలు, స్పానరు పెడితే తల తెగుతుంది. బోల్టు తెగి ఊడిన ఫ్లాపు పోకుండా సన్న నైలాను తాడు ఒకటి. ఏటా వానలకి ముందు బోల్టులు మార్చెయ్యాలి.

తలుపు హ్యాండిళ్లు ఈ పూట శుభ్రంగా ఉన్నాయి, అది చెప్పడమే మర్చిపోయాను. కేబుల్ టై అలాగే ఉంచాను. రేపు ఉదయం ఎనిమిది నైలాన్ బోల్టులు తేవాలి, పైన రెండు ఎక్కువ.